స్పేస్ గేముల్లో గ్రహశకలాల తవ్వకం: రాయికి రూల్స్ ఉన్నాయి, అనుమతికి లేవు

పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి. మన గ్రూపులో మైనింగ్ అంటే బాక్సైట్, కాల్సైట్, లేటరైట్ గురించే మాట్లాడుకుంటాం. ఈసారి ఆకాశంలో మైనింగ్, అదీ వీడియో గేముల్లో. చివరిదాకా చదివితే ఇది మన గ్రూపులో ఎందుకు పెట్టామో తెలుస్తది.

1979లో అటారీ కంపెనీ 'ఆస్టరాయిడ్స్' అనే ఆట తెచ్చింది. లైల్ రెయిన్స్, ఎడ్ లాగ్ తయారుచేశారు. నల్ల తెర మీద తెల్ల గీతలతో రాళ్ళు. పెద్ద రాయిని కాలిస్తే రెండు మధ్యరకం రాళ్ళవుతాయి, ఒక్కో మధ్యరకం మళ్ళీ రెండు చిన్నవవుతుంది. పెద్దదానికి 20 పాయింట్లు, మధ్యదానికి 50, చిన్నదానికి 100. చిన్నదాన్ని కొట్టడం కష్టం కాబట్టి దానికే ఎక్కువ. రాయిలోంచి మాత్రం ఏమీ రాదు. రాయి అడ్డం, పగలగొట్టు, అంతే. దీన్ని తవ్వకం అనలేం. కానీ రాయి పగిలి ముక్కలవుతుంది అనే నియమం తర్వాతి ఆటలన్నిటికీ పునాది.

తవ్వకం 1984లో 'ఎలీట్'తో వచ్చింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో చదువుతున్న డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు రాశారు. బ్రేబెన్ వయసు అప్పటికి 20. వాళ్ళు వాడిన బీబీసీ మైక్రో కంప్యూటర్ మెమరీ మొత్తం 32 కిలోబైట్లు. మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక ఫోటో అంతకన్నా పెద్దది! అందులోనే 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 లోకాలు పట్టించారు. గ్రహశకలాన్ని మామూలు లేజర్‌తో కొడితే పేలిపోతుంది, ఏమీ మిగలదు. మైనింగ్ లేజర్ కొనుక్కుని కొడితే ముక్కలవుతుంది. ఓడ కింద స్కూప్ ఉంటే ఆ ముక్కల్ని ఏరుకుని ఖనిజంగా అమ్ముకోవచ్చు. ఆట మొదలయ్యేటప్పుడు చేతిలో 100 క్రెడిట్లే ఉంటాయి, కాబట్టి లేజర్ కొనాలంటే ముందు వేరే వ్యాపారం చేసి సంపాదించాలి.

ఇక్కడ మాకు ఒక విషయం గట్టిగా తగిలింది. ఎలీట్ సంతలో 17 రకాల సరుకులుంటాయి. వాటిలో బానిసలు, మత్తుమందులు, తుపాకులు మోస్తే మీరు నేరస్తుడు, పోలీసు ఓడలు వెంటపడతాయి. అంటే 'ఇది చట్టవిరుద్ధం' అనే నియమం ఆ 32 కిలోబైట్లలో కూడా పట్టింది. ఖనిజానికి మాత్రం అలాంటిది ఏదీ లేదు. రాయి ఎవరిది అని ఎవరూ అడగరు. జాగా చాలక వదిలేశారని మేము అనుకోవడం లేదు. ఆ ప్రశ్న వాళ్ళకి రాలేదు. రాయి మీద ఎవరూ ఉండరు కదా అనుకున్నారు.

తర్వాత చెప్పుకోవాల్సింది 'ఈవ్ ఆన్‌లైన్', 2003 మేలో ఐస్‌లాండ్‌లోని సీసీపీ కంపెనీ విడుదల చేసింది. వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడతారు. తవ్వకం ఈ ఆటకి వెన్నెముక. రాయిని గురిపెట్టి లేజర్ ఆన్ చేస్తే, నిమిషానికో రెండు మూడు నిమిషాలకో కొంత ముడిఖనిజం ఓడలో పడుతుంది. స్టేషన్‌లో శుద్ధి చేస్తే ట్రైటానియం, పైరైట్, మెక్సలాన్ లాంటివి వస్తాయి. ఆటలో జనం నడిపే ఓడల్లో దాదాపు అన్నీ వాటితో ఆటగాళ్ళే కట్టాలి. కాబట్టి యుద్ధంలో ఒక పెద్ద ఓడ పేలిందంటే ఎక్కడో ఎవరో రాళ్ళ ముందు గంటలు గంటలు కూర్చున్న ఫలితం పోయినట్టే. పని చాలా విసుగు. మైనింగ్ పెట్టి పక్కన సినిమా చూసుకునేవాళ్ళే ఎక్కువ. అయినా ఆ విసుగులోనే విలువ పుట్టింది.

ఈ ఆటలో చోటుని బట్టి భద్రత మారుతుంది. 0.5 నుంచి 1.0 ఉన్నచోట కాంకార్డ్ అనే పోలీసులు ఉంటారు, మంచి ఖనిజం తక్కువ. 0.0 ఉన్నచోట చట్టం లేదు, విలువైన ఖనిజం అక్కడే. ఆ చోట్లని పెద్ద పెద్ద కూటములు ఆక్రమించుకుని చిన్నవాళ్ళకి అద్దెకిస్తాయి. అంతకన్నా వింత 2012లో జరిగింది. ఒక ఆటగాళ్ళ గుంపు భద్రమైన చోట్లకే వచ్చి, ఇక్కడ తవ్వాలంటే ఏడాదికి కోటి ఇస్క్ కట్టి మా దగ్గర పర్మిట్ కొనాలి అంది. ఇస్క్ అంటే ఆ ఆటలో డబ్బు. కట్టకపోతే ఓడ పేల్చేసేవాళ్ళు. పోలీసులు వచ్చి తమ ఓడని పేల్చినా లెక్కచేసేవాళ్ళు కాదు. కంపెనీ పెట్టని పర్మిట్‌ని ఆటగాళ్ళే పెట్టారన్నమాట. నియమం లేనిచోట బలమున్నోడు పట్టా రాస్తాడు. ఇది ఏజెన్సీలో పుట్టినవాళ్ళకి కొత్త కాదు.

2018 నాటికి రాయికి ఇంకా ప్రాణం వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో 'ఎలీట్ డేంజరస్'లో పెట్టిన పద్ధతి మాకు అన్నిటికన్నా నచ్చింది. ముందు తరంగం పంపి ఏ రాయి మెరుస్తుందో చూడాలి. దాని పగుళ్ళు వెతికి, ఒక్కోదాంట్లో పేలుడు మందు ఎంత పెట్టాలో లెక్కేయాలి. తక్కువైతే పగలదు, ఎక్కువైతే లోపలి సరుకు పాడవుతుంది. సరిగ్గా కుదిరితే రాయి పువ్వులా విచ్చుకుని వాయిడ్ ఓపల్ లాంటివి బయటపడతాయి. అదే ఏడాది 'స్టార్ సిటిజన్'లో లేజర్ వేడిని పచ్చగీత మధ్య నిలపాలి, దాటితే రాయి పేలి మనమే పోతాం. (నిజంగా అయితే గ్రహశకలాల మధ్య దూరం సుమారు పది లక్షల కిలోమీటర్లు. ఆటల్లో పక్కపక్కన పేర్చకపోతే ఎవరూ ఆడరు, అది వేరే సంగతి.)

ఇలా నలభై ఏళ్ళలో రాయి పగలడం నేర్చుకుంది, రకాలుగా విడిపోవడం, వేడెక్కడం, పేలడం నేర్చుకుంది. 'అడగడం' మాత్రం ఈ ఆటల్లో దేనిలోనూ తవ్వకంలో భాగం కాలేదు.

బయట లోకంలో ఈ ప్రశ్న ఉంది. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశమూ ఖగోళ వస్తువుని తనదని చెప్పుకోకూడదు. 2015లో అమెరికా, 2017లో లక్సెంబర్గ్, రాయి మీది కాకపోయినా తవ్వి తీసింది మీదే అని చట్టాలు చేసుకున్నాయి. నాసా ఓడ బెన్ను అనే శకలం నుంచి 2023లో తెచ్చింది 121.6 గ్రాములు. చట్టం మాత్రం దానికి ఎనిమిదేళ్ళ ముందే రెడీ.

మన దగ్గర ఇదే ప్రశ్నకి జవాబు 1997 జూలై 11న వచ్చింది. బొర్రా ప్రాంతం తవ్వకాల మీద సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి లీజుకివ్వకూడదంది. 1/70 కింద ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తి'యే అంది. గిరిజన సహకార సంఘాలు, ప్రభుత్వ సంస్థలు తవ్వొచ్చని, లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం కోసం పక్కన పెట్టాలని చెప్పింది. గేమ్ చేసేవాళ్ళ కళ్ళతో చూస్తే ఇవి కచ్చితంగా రాసిన రూల్స్. ఎవరు తవ్వొచ్చు, ఎవరు తవ్వకూడదు, ఎంత శాతం ఎక్కడికి పోవాలి. కోడ్‌లో పెట్టడానికి పగుళ్ళ లెక్క కన్నా తేలిక.

అందుకే హాస్టల్లో మేము నలుగురం చేస్తున్న చిన్న గేములో గ్రహశకలాల మీద ఊళ్ళు పెట్టాం. లేజర్ ఆన్ చేసే ముందు సభ కూర్చుంటది. ఒప్పుకుంటే 20 శాతం ఊరి నిధికి పోతది, ఆ నిధి పెరిగేకొద్దీ ఊళ్ళో బడి, నీళ్ళు వస్తాయి. ఈ భాగం బాగానే నడుస్తోంది. చిక్కంతా సభ 'వద్దు' అన్నప్పుడే. ఆడేవాడు అక్కణ్ణుంచి వెళ్ళిపోతే ఆట అయిపోయినట్టు ఉంటుంది. బలవంతంగా తవ్వే దారి ఇస్తే అందరూ అదే తొక్కుతారు.

గ్రామసభల్లో కూర్చున్న అన్నలు, అక్కలు ఉంటే కామెంట్లో రాయండి. మీ ఊరు వద్దన్న తర్వాత కంపెనీవాళ్ళు మళ్ళీ ఎన్నిసార్లు వచ్చారు, ఏం మాటలు చెప్పారు, ఊళ్ళో ఎవరు మెత్తబడ్డారు, ఎవరు గట్టిగా నిలబడ్డారు? రెండో లెవెల్ అక్కడి నుంచే రాద్దామనుకుంటున్నాం.