వెయ్యి అడుగుల ఎడం

ఏజాక్స్‌లో ఉండే తెలుగు కుటుంబాలు స్వదేశానికి బయలుదేరితే టొరంటోలో విమానమెక్కుతాయి. వారిలో చాలామంది భారత భూమి మీద మొదట కాలు మోపేది ఢిల్లీలోనే. ఆ దిగే దారికి ఒక చరిత్ర ఉంది. 1996లో ఢిల్లీకి వచ్చే విమానాలకూ, అక్కడినుంచి వెళ్ళే విమానాలకూ ఆకాశంలో ఒకటే మార్గం. చుట్టుపక్కల గగనతలంలో అధికభాగం వైమానిక దళం అధీనంలో ఉండేది గనుక పౌర విమానాలకు మిగిలింది ఆ ఇరుకు దారే. ఎదురెదురుగా వచ్చేవాటిని వెయ్యి అడుగుల ఎడంతో ఒకదాని మీదుగా మరొకటి దాటించేవారు.

ఆ ఏడాది నవంబరు 12 సాయంత్రం సౌదీ అరేబియా సంస్థకు చెందిన బోయింగ్ 747 ఢిల్లీ నుంచి 312 మందితో లేచింది. ప్రయాణికుల్లో ఎక్కువమంది పొట్ట చేతబట్టుకుని పోతున్న భారతీయ శ్రామికులు. కరీంనగర్ నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు మనుషులను సాగనంపిన ఊళ్ళకు ఆ విమానంలో ఎలాంటివారు ఉండివుంటారో వేరే చెప్పనక్కరలేదు. దానికి ఎదురుగా కజకిస్తాన్‌లోని చిమ్‌కెంట్ నుంచి 37 మందితో ఒక ఇల్యూషిన్-76 వస్తోంది. ఇద్దరితోనూ మాట్లాడుతున్న కంట్రోలర్ ఒక్కడే. సౌదీ విమానాన్ని 14,000 అడుగుల వద్ద ఆగమన్నాడు. కజక్ విమానాన్ని 15,000 వరకే దిగమన్నాడు. ఎదురుగా బోయింగ్ వస్తున్నదనీ, ఎన్ని మైళ్ళ దూరంలో ఉన్నదనీ, కనబడితే చెప్పమనీ హెచ్చరించాడు కూడా.

15,000కు చేరామని కజక్ విమానం నుంచి జవాబు వచ్చింది. నిజానికి అప్పటికే అది ఆ గీత దాటి కిందికి దిగింది, ఇంకా దిగుతూనే ఉంది.

ఆ మాట చెప్పినవాడు పైలట్ కాడు, రేడియో ఆపరేటర్. సోవియట్ పద్ధతిలో విమానం నడిపేవారు వేరు, నేలతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు వేరు. ఆ ఆపరేటర్ ముందు ఎత్తు చూపే పరికరమేదీ లేదు. చూడాలంటే పైలట్ల భుజాల మీదుగా తొంగిచూడాలి. చివరి క్షణాల్లో ఎత్తు తప్పిన సంగతి పసిగట్టి పైకి లేపమన్నది అతడే. విమానం పైకి లేచింది. ఆ లేవడంలోనే దాని తోక బోయింగ్ ఎడమ రెక్కను కోసింది. ఆ హెచ్చరిక రాకుండా ఉంటే ఇల్యూషిన్ కిందినుంచి దూసుకుపోయేదేమోనన్న అభిప్రాయం ఉంది. ఈ కథలో మనసును ఎక్కువసేపు పట్టి ఉంచేది అదే: తప్పు దిద్దబోయిన చెయ్యే తగిలింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ పొలాల్లో 349 మంది రాలిపోయారు. ఒక్కరూ మిగల్లేదు. గాలిలో రెండు విమానాలు ఢీకొన్న దుర్ఘటనల్లో నేటికీ ఇదే అతి పెద్దది.

విచారణ బాధ్యత ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి రమేశ్ చంద్ర లాహోటీకి అప్పగించారు; తరువాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయింది ఈయనే. మేఘాల్లోని కుదుపుల వల్ల ఎత్తు తప్పామని కజక్ పక్షం వాదించింది. తప్పు ఢిల్లీ కంట్రోల్‌దన్న వాదనా వినిపించింది. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు గట్టు ఎవరి వాటాలోకి వస్తుందని తగువులాడినట్టు, పోయినవారి చావును ఎవరి పద్దులో వేయాలన్న తగువు అది. కమిషన్ కజక్ సిబ్బందినే తప్పుపట్టింది: ఇచ్చిన ఎత్తును దాటి దిగారు, ఇంగ్లీషు సరిగా అందలేదు, రేడియో ఆపరేటర్ మీద అతిగా ఆధారపడ్డారు. తీర్పు న్యాయమైనదే, కాని సంపూర్ణం కాదు. కంట్రోలర్ నిర్దోషి అన్నంత మాత్రాన కంట్రోల్ గది నిర్దోషి కాజాలదు.

ఆ గదిలోని రాడార్ ప్రాథమిక రాడార్. విమానం ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో తెర మీద చుక్కగా చూపుతుంది, ఎత్తు చూపదు. ఎత్తు తెలియాలంటే పైలట్ నోటి మాటే దిక్కు. ఎత్తును కూడా తెర మీద చూపే ద్వితీయ రాడార్ ఇతర దేశాల్లో ఏనాటినుంచో వాడుకలో ఉంది. అది ఢిల్లీలో పనిచేస్తూ ఉంటే 15,000 అన్న మాట అబద్ధమని కంట్రోలర్‌కు కళ్ళారా కనబడేది. అలాగే, ఎదుటి విమానాన్ని పసిగట్టి ఎక్కాలో దిగాలో పైలట్‌కు చెప్పే హెచ్చరిక యంత్రాన్ని అమెరికా 1993 నాటికే పెద్ద ప్రయాణిక విమానాల్లో తప్పనిసరి చేసింది, భారతదేశం చేయలేదు. ఈ లోపాలు పైలట్‌వీ కావు, కంట్రోలర్‌వీ కావు. నిందను ఆ ఇద్దరి మధ్యే పంచితే, డబ్బు మంజూరు చేయవలసినవారూ గగనతలాన్ని విడిచిపెట్టవలసినవారూ పంపకంలోకే రారు. ప్రమాదం తరువాత రాకపోకలకు వేరు దారులు ఏర్పడ్డాయి, ద్వితీయ రాడార్ వచ్చింది, హెచ్చరిక యంత్రం తప్పనిసరి అయింది. అసలు దోషుల జాబితా వెతకవలసింది ఈ మార్పుల్లోనే. (ఆసుపత్రి మరణాల విచారణలు చూసినవారికి ఈ తీరు కొత్తగా అనిపించదు.)

ఒక్కోచోట మొత్తం నింద కంట్రోలర్ మీదనే పడింది. 1976 సెప్టెంబరులో జాగ్రెబ్ మీద రెండు విమానాలు ఢీకొని 176 మంది మరణిస్తే, గ్రాదిమీర్ తాసిచ్ అనే కంట్రోలర్‌కు ఏడేళ్ళ శిక్ష వేశారు. తోటి కంట్రోలర్లు పూనుకుని విజ్ఞప్తులు చేయగా అతడు 1978లో విడుదలయ్యాడు.

జపాన్ కథ ఇంకా విచిత్రం. 2001 జనవరిలో రెండు జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాలు వెంట్రుకవాసిలో ఢీకొనడం తప్పించుకున్నాయి. సుమారు వందమంది గాయపడ్డారు. శిక్షణలో ఉన్న కంట్రోలర్ ఒక విమానం పేరుకు మరో విమానం పేరు పలికి దిగమన్నాడు. అదే సమయంలో విమానంలోని యంత్రం ఎక్కమంది. పైలట్ మనిషి మాట విన్నాడు. పైలట్ల మీద అభియోగం లేదు. ఆ శిక్షణార్థినీ, అతడికి నేర్పుతున్న కంట్రోలర్‌నూ అప్పీలు కోర్టు దోషులంది, 2010లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. మరి మనిషీ యంత్రమూ చెరొక మాట చెబితే ఎవరి మాట వినాలి? అప్పటి అంతర్జాతీయ నిబంధనల్లో దానికి స్పష్టమైన జవాబు లేదు. ఈ లోటు పూడ్చమని జపాన్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థను కోరింది. సంస్థ కదలలేదు.

ఏడాదిన్నర గడిచింది. 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగెన్ మీద అచ్చంగా అదే జరిగింది. యంత్రం ఎక్కమంది, గదిలో ఒంటరిగా రెండు తెరలు చూసుకుంటున్న కంట్రోలర్ దిగమన్నాడు, రష్యన్ పైలట్లు దిగారు. 71 మంది పోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. భార్యనూ ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్న ఒక తండ్రి 2004లో ఆ కంట్రోలర్ ఇంటికి వెళ్ళి కత్తితో పొడిచి చంపాడు. 2007లో స్విస్ కోర్టు, ఆ రాత్రి గదిలో అతణ్ణి ఒంటరిగా వదిలేసే పద్ధతిని సాగనిచ్చిన నలుగురు అధికారులను దోషులుగా తేల్చింది. యంత్రం మాటే వినాలన్న నియమం పుస్తకంలోకి ఎక్కింది ఆ పిల్లలు పోయిన తరువాతే.