గ్లింకా వయోలా సొనాటా: పాత వాద్యాలు, తరవాతి పూరణ

రష్యన్ సంగీతకర్త మిఖాయిల్ గ్లింకా 1825లో డి మైనర్‌లో ఒక సొనాటా, అంటే ఒకటి రెండు వాద్యాల కోసం పలు భాగాలుగా రాసే రచన, వయోలాకూ పియానోకూ మొదలుపెట్టి, మొదటి భాగం ముగించి, 1828లో రెండో భాగానికి పూనుకొని దాన్ని అసంపూర్తిగా వదిలేశాడు. మూడో భాగంగా తలచుకున్న రొండో, అంటే మొదటి బాణీ మళ్లీ మళ్లీ తిరిగివచ్చే రచన, కాగితం మీదకే రాలేదు. దాని రష్యన్ బాణీని చాలాకాలం తరవాత పిల్లల పోల్కా ఒకదానిలో వాడుకున్నానని ఆయనే తన స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు.

వయోలా వయొలిన్ కంటే అయిదు స్వరాలు కిందికి శ్రుతి చేసే వాద్యమైనా, దాని పెట్టె ఆ మంద్రస్థాయికి తగినంత పెద్దది కాదు, చేతిలో ఇమడాలి గనక కాలేదు కూడా. అందువల్ల దాని నాదం కాస్త మూసుకున్నట్టుగా పలుకుతుంది. ఇనుప చట్రంలో తీగలను విపరీతంగా బిగించిన నేటి కచేరీ పియానో పక్కన ఆ నాదం తేలిగ్గా మునిగిపోతుంది, పియానో వాదకుడు ఎంత అణిగి వాయించినా అది మరుగునపడే తావులు మిగులుతూనే ఉంటాయి. గ్లింకా నాటి పియానో వేరు: దాని ఒడలు ప్రధానంగా కొయ్యే, తీగల బిగింపు తక్కువ, సుత్తులకు తోలు తొడుగు, పలికిన స్వరం త్వరగా అణిగిపోయేది. సెంట్ పీటర్స్‌బర్గ్‌లో టిష్నర్ వంటి వారు ఇలాంటి పియానోలను తయారు చేసేవారు. తన గురువు, సంగీతకర్త క్లెమెంటితో కలిసి రష్యాకు వచ్చి అక్కడే స్థిరపడిన ఐరిష్ సంగీతకారుడు జాన్ ఫీల్డ్ దగ్గర గ్లింకా నేర్చుకున్నది కొద్ది పాఠాలే, ఆ తరవాత ఫీల్డ్ శిష్యుడు చార్లెస్ మేయర్ ఆయనకు గురువయ్యాడు. మీటలు నొక్కుతూనే స్వరాన్ని పాడించే ఫీల్డ్ బాణీ ఈ వాద్యాలకు ఒదిగిందే.

తీగవాద్యాల సంగతి ఇంకొంచెం ఆసక్తికరం. గ్లింకా చిన్నతనంలో తన మేనమామ జమీందారీలోని దాసుల వాద్యబృందాన్ని విని సంగీతం మీద ప్రేమ పెంచుకున్నాడు, అదే కాలంలో షెరెమెత్యేవ్ ప్రభువుల దాసుడైన ఇవాన్ బాతోవ్ (1767–1841) రష్యాలో వయొలిన్ల తయారీకి పేరుపొందాడు. ప్రభువుల భోగం కోసం దాసులు నేర్చిన ఈ పనితనం లేకుండా ఆనాటి రష్యన్ గృహసంగీతం లేదు. ఆ వాద్యాలకు గొర్రెపేగులతో పేనిన తీగలుండేవి, వాటిలో మంద్రస్థాయి తీగలకు సన్నని లోహపు తీగ చుట్టేవారు; ఉక్కుతీగల కంటే వీటి నాదం గరుకుగా, మాటకు దగ్గరగా ఉండి, కమాను మొదలుపెట్టే తీరును స్పష్టంగా వినిపిస్తుంది.

పాత వాద్యాలు నాదాల తూకాన్ని సరిచేస్తాయి గాని రచన పాఠాన్ని సరిచేయలేవు. ఈ సొనాటాను సోవియట్ వయోలా వాదకుడు వదీమ్ బొరిసోవ్‌స్కీ పూరించి పరిష్కరించగా అది 1932లో తొలిసారి అచ్చయింది, అంటే 1820ల నాదాన్ని వెతికే వాదకుడి ముందు ఒక శతాబ్దం తరవాతి చేయి కూడా ఉంటుంది. బొరిసోవ్‌స్కీ పని నిష్ఠగలదే. వయోలాకు సొంత సంగీతం సమకూర్చాలన్న పట్టుదల ఆయనది. అయినా గుర్తుంచుకోవలసిన తేడా ఇది.

ఇక తరవాతి రష్యన్ సంగీతకర్తలైన ఆంటన్ రూబిన్‌స్టైన్ 1855లో రాసిన వయోలా సొనాటా (49వ కృతి), గ్లజునోవ్ 1893లో రాసిన ‘ఎలిజీ’ (44వ కృతి) వినేటప్పటికి ‘చారిత్రక వాద్యం’ అన్న మాటే రెండుగా చీలుతుంది. పియానో వేగంగా మారింది: యాకొవ్ బెకర్ 1841లో పీటర్స్‌బర్గ్‌లో పెట్టిన కార్ఖానా లాంటివి బలిష్ఠమైన చట్రాలకు మళ్లాయి. వయోలా మాత్రం దాదాపు ఉన్నచోటనే నిలిచి, ఇరవయ్యో శతాబ్దం దాకా పేగుతీగలతోనే సాగింది. వాయించే తీరులోనూ పాత అభిరుచి మిగిలింది: పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీలో 1868 నుంచి బోధించిన వయొలిన్ గురువు లెయొపోల్డ్ ఆవర్ 1921 నాటి తన పుస్తకంలో ఎడతెగని స్వరకంపనాన్ని తప్పుపట్టాడు. కాబట్టి గ్లజునోవ్ కృతికి 1820ల పియానో తేవడం పొరపాటే. అక్కడ బలమైన పియానోతో పేగుతీగ వయోలా పోటీపడవలసి వచ్చిన స్థితే చరిత్ర.