చార్మినార్ కన్నా ఎత్తా?

డిసెంబర్ వస్తే మా నిజాంపేట బుజుర్గులది ఒకటే కిస్సా: మెదక్ చర్చి చార్మినార్ కన్నా ఎత్తు లేస్తోందని నిజాం హుజూర్ నారాజ్ అయ్యారట! సుబూత్ అడిగితే నవ్వేస్తారు. మజేదార్ ఖబరే కదా, చెప్పుకోనీ. గోపురం మాత్రం 175 అడుగులు, అది పక్కా.

నాకు ఆ ఎత్తు కన్నా కింద రాళ్లు మోసినవాళ్ల కడుపులే గుర్తొస్తాయి. 1914లో పని మొదలైంది. ఖహత్ రోజులు, జొన్నరొట్టె కూడా కరువే. పాస్నెట్ పాదరీ సాహెబ్ ఖైరాత్ పంచలేదు, పని ఇచ్చి అన్నం పెట్టాడు. మజ్దూరీ అంటే అప్పట్లో ఆ పూట తిండే. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచారు. తఖ్త్ మీద మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. బాద్షా పేరు, పాదరీ పేరు అందరికీ తెలుసు. ఆ మజ్దూర్లలో మన దాదా, పర్‌దాదాలు ఎవరన్నా ఉన్నారా? ఇంట్లో పెద్దోళ్లను ఓసారి అడగండి.