లెక్కకు దగ్గరి దారి

రేడియో మీట త్రిప్పునప్పుడు మనము ఒక గణితసమస్యకు సమాధానము వెదకుచున్నామని సాధారణముగా తలపము. ఏరియలు తీగను తాకునది ఒక్క కేంద్రపు ప్రసారము మాత్రమే కాదు. విజయవాడ, హైదరాబాదు, చెన్నై మొదలైన కేంద్రముల తరంగములన్నియు ఒక్కమారుగా వచ్చి దానిపై పడును. మీట త్రిప్పగా వానిలో ఒక్కటి నిలిచి, తక్కినవి తొలగిపోవును. కలగలసిన తరంగములలో ఏది ఎంత బలముతో ఉన్నదో విడదీసి చెప్పుట అనెడి ఈ పని రేడియోకు మాత్రమే పరిమితమైనది కాదు. గ్రహగతులను గణించు ఖగోళజ్ఞుడును, స్ఫటికములో అణువుల అమరికను వెదకు రసాయనజ్ఞుడును, భూకంపములను పరిశీలించువాడును, సముద్రపు అలలను కొలుచువాడును చేయునది ఇదే పని.

ఈ పని ఎట్లు చేయవలెనో రెండువందల సంవత్సరములుగా తెలియును. అయితే మార్గము తెలిసినంత మాత్రమున గమ్యము చేరినట్లు కాదు. ఒక లెక్కకు ఎన్ని మెట్లు పట్టును? మనకున్న వ్యవధిలో ఆ మెట్లన్నియు ఎక్కగలమా? ఈ ప్రశ్నను శాస్త్రీయముగా అడుగుట లోకము చాల ఆలస్యముగా నేర్చుకొన్నది. ఆ ఆలస్యము ఎట్టిదో, ఒక్క గణనవిధానము చరిత్రను ఆధారముగా చేసికొని శ్రోతలకు విన్నవింపదలచినాము.

ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు జోసెఫ్ ఫూరియే 1807లో పారిస్ విద్వత్పరిషత్తునకు ఒక వ్యాసమును సమర్పించినాడు. ఘనపదార్థములలో వేడిమి ఎట్లు వ్యాపించునో అందులోని విషయము. ఎంత వంకరలు తిరిగిన గీతనైనను సరళమైన తరంగముల మొత్తముగా వ్రాయవచ్చునని ఆయన ప్రతిపాదించినాడు. 1822లో ఆయన గ్రంథము వెలువడిన పిమ్మట ఈ భావము భౌతికశాస్త్రమంతటను వ్యాపించినది. వీణపై మీటిన ఒక స్వరములో మూలధ్వనితోపాటు దానికి రెట్టింపు, మూడురెట్లు వేగముతో కంపించు ధ్వనులును కలసియుండును. వానిలో ఏది ఎంత పాలో తేల్చుటకు ఫూరియే గణితము ఉపకరించును.

మార్గము స్పష్టమైనదే, కాని దీర్ఘమైనది. ఒక కంపనమును సమానవ్యవధులలో 8 మారులు కొలిచినామనుకొందము. అందులోని 8 తరంగముల పాళ్లు తెలియవలెనన్న, ఒక్కొక్క తరంగము కొరకు 8 కొలతలను తగిన గుణకములతో హెచ్చవేసి కూడవలెను. మొత్తము గుణకారములు 64. కొలతలు 1,000 అయినచో గుణకారములు 10 లక్షలు. అనగా కొలతలు రెట్టింపైనప్పుడెల్ల శ్రమ నాలుగురెట్లగుచుండును. కొలత సూక్ష్మమైనకొలది ఫలితము మేలుగా ఉండవలసినది పోయి, లెక్క మన చేతికందని దూరమునకు జరిగిపోవుచుండును.

దీనికొక దగ్గరి దారి కలదు. ఆ 8 కొలతలను సరిసంఖ్యల స్థానములలోనివి నాలుగు, బేసిసంఖ్యల స్థానములలోనివి నాలుగు అని రెండు జట్లుగా విడదీయుదము. ఒక్కొక్క జట్టును వేరుగా సాధించిన 16 చొప్పున 32 మెట్లు. రెండు ఫలితములను కలుపుటకు మరి 8. మొత్తము 40. ఆ నాలుగింటిని మరల రెండేసిగా, రెండింటిని ఒక్కొక్కటిగా విడదీసినచో 24 మెట్లతో పని ముగియును. 64కును 24కును భేదము స్వల్పమే అనిపించును. కాని కొలతలు సుమారు పదిలక్షలకు పెరిగినప్పుడు పాత పద్ధతికి దాదాపు 1,10,000 కోట్ల మెట్లు పట్టగా, క్రొత్త పద్ధతికి రెండుకోట్ల పదిలక్షలు చాలును. సెకనుకు పదిలక్షల మెట్లు నడచు యంత్రమునకు మొదటిది పండ్రెండు దినములకు మించిన పని. రెండవది ఇరువదియొక్క సెకన్లలో తీరును. యంత్రము అదియే, ఫలితము అదియే. దారి మాత్రమే మారినది.

సగము చేసి సాధించుట అను ఉపాయము మన దేశమునకు అపరిచితము కాదు. ఛందశ్శాస్త్రమును రచించిన పింగళుడు, ఇన్ని అక్షరముల పాదమునకు ఎన్ని గురులఘుభేదములు కలుగునో చెప్పుటకు, అక్షరసంఖ్యను సగము చేయుచు పోవు విధానమును సూత్రములలో నిర్దేశించినాడు. 24 అక్షరముల ఛందస్సునకు రెండును ఇరువదిమూడు మారులు హెచ్చవేయనక్కరలేదు. 24ను 12గాను, 6గాను, 3గాను సగము చేసి, ఆ వరుసలోనే తిరిగి పైకి వచ్చినచో అయిదు గుణకారములతో 1,67,77,216 అను సమాధానము లభించును.

తరంగముల లెక్కకు ఇట్టి ఉపాయమును మొదట కనుగొన్నది జర్మను గణితజ్ఞుడు కార్ల్ ఫ్రెడ్రిక్ గౌస్. ఫూరియే వ్యాసమునకు కూడ ముందు, 1805 ప్రాంతములో ఆయన ఈ పని చేసినాడు. 1802లో కనుగొనబడిన పల్లాస్ అను చిన్నగ్రహము ఆకాశస్థానమును తెలుపు 12 కొలతలను ఆయన ఉదాహరణగా గ్రహించి, వానిని నాలుగేసి చొప్పున మూడు జట్లుగా విడదీసి సాధించినాడు. చేతితో చేయు లెక్కలోని విసుగు దీనివలన ఎంతయో తగ్గునని కూడ గుర్తించినాడు. అయితే ఎంత తగ్గునో, కొలతలు పెరిగినకొలది ఆ లాభము ఎట్లు పెరుగునో లెక్కకట్టలేదు. పండ్రెండు కొలతలకు అంతటి విచారణ అవసరమని ఆయనకు తోచియుండదు. లాటిన్ భాషలో వ్రాసిన ఆ రచనను ఆయన ప్రకటించనేలేదు. గౌస్ 1855లో మరణించినాడు. 1866లో ఆయన సమగ్రరచనల మూడవ సంపుటములో అది అచ్చయినది. అచ్చయిన పిమ్మట కూడ దాని విలువను గుర్తించినవారు అరుదు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున జర్మనీలో కార్ల్ రూంగే ఇట్టి పద్ధతిని తిరిగి చెప్పినాడు. 1942లో డేనియల్సన్, లాంచోస్ అను ఇద్దరు భౌతికజ్ఞులు అమెరికాలో, ద్రవములు ఎక్స్-కిరణములను ఎట్లు చెదరగొట్టునో పరిశీలించుచు, రూంగే బాటలో నడచి సగము చేయు పద్ధతిని తీర్చిదిద్దినారు. వారు తమ లెక్కలకు పట్టిన కాలమును కూడ వ్రాసియుంచినారు. 8 గుణకములకు పది నిమిషములు, 16కు ఇరువదియైదు, 32కు అరువది, 64కు నూటనలువది నిమిషములు. రెట్టింపునకు నాలుగురెట్లు చొప్పున పాత దారిలో పోయినచో, ఆ పది నిమిషములు చివరకు 640 నిమిషములయ్యెడివి. రెండుగంటల ఇరువది నిమిషముల పని పదిగంటలు దాటియుండెడిది. ఇంత స్పష్టమైన అంకెలు కన్నులయెదుట ఉన్నను, ఆ వ్యాసము ఎక్స్-కిరణముల పనిలో నున్నవారి పరిధిని దాటి ఎక్కువ దూరము పోలేదు.

ఇంతలో ఈ లెక్క అవసరము ప్రయోగశాలల ఆవరణము దాటి వచ్చినది. 1963 ఆగస్టు 5వ తేదీన మాస్కోలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటను దేశములు అణ్వస్త్రపరీక్షల నిషేధపు ఒప్పందముపై సంతకములు చేసినవి. వాయుమండలములో, అంతరిక్షములో, నీటిలోపల పరీక్షలు నిషిద్ధములైనవి. భూగర్భపరీక్షలు మాత్రము ఒప్పందమునకు వెలుపల మిగిలిపోయినవి. దూరమునుండి అందిన కంపనము భూకంపముదో, బాంబుదో నిశ్చయించుట ఎట్లు అనునదే చిక్కు. స్థలమునకు వెళ్లి చూచు తనిఖీలు ఏటేట ఏడు కావలెనని అమెరికా కోరగా, రెండుమూడింటికి మించి ఒప్పుకొనమని సోవియట్ యూనియన్ పట్టుపట్టినది. పరదేశములలో నిలిపిన భూకంపలేఖినులే సమాధానము చెప్పగలిగినచో తనిఖీల తగవు చాలవరకు తీరును. కాని వేలకొలది కొలతల కంపనరేఖలను పాత పద్ధతిలో విడదీయుటకు ఆనాటి యంత్రముల శక్తి చాలదు.

ఆ సంవత్సరమే అమెరికా అధ్యక్షుని శాస్త్రసలహాసంఘపు సమావేశములో భౌతికజ్ఞుడు రిచర్డ్ గార్విన్, తన ప్రక్కన కూర్చున్న గణితజ్ఞుడు జాన్ ట్యూకీ కాగితముపై తరంగముల లెక్క ఏదో వ్రాయుచుండుట గమనించి ప్రశ్నించినాడు. ట్యూకీ చెప్పిన ఉపాయము ప్రయోజనమును గార్విన్ వెంటనే గ్రహించినాడు. ఐ.బి.ఎం. సంస్థలోని జేమ్స్ కూలీని ఆశ్రయించి యంత్రమునకు తగిన క్రమణికను వ్రాయించినాడు. భూకంపలేఖినుల విషయము బయటపెట్టక, హీలియం స్ఫటికములను గూర్చిన పరిశోధనకు కావలెనని మాత్రమే చెప్పినాడు. 1965 ఏప్రిల్‌లో కూలీ, ట్యూకీల వ్యాసము అయిదు పుటలలో వెలువడినది. లోకము దానిని వేగవంతమైన ఫూరియే పరివర్తన అని పిలుచుచున్నది.

ఈ పద్ధతి 1963కు ముందే అందరికిని తెలిసియున్నచో ఆ ఒప్పందము మరొకరీతిగా ఉండెడిదని మేము అనము. రాజ్యముల పరస్పర సందేహములను గణితమొక్కటే తీర్చజాలదు. పరీక్షలన్నిటిని నిషేధించు ఒడంబడిక 1996లో సంతకములకు సిద్ధమైనను, అది ఇంకను అమలులోనికి రాలేదు. అయినను దూరమునుండి భూగర్భవిస్ఫోటనములను కనిపెట్టు విద్య ఆ దశాబ్దములో త్వరితముగా పెరిగినది. మన హిందూపురమునకు పొరుగున, కర్ణాటకలోని గౌరీబిదనూరులో భూకంపలేఖినుల వరుస ఏర్పడినదియు ఆ దశాబ్దములోనే.

1965వ సంవత్సరమునకు మరొక విశేషము కలదు. ఆ మే నెలలోనే హార్ట్‌మానిస్, స్టెర్న్స్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వ్యాసములో, సమస్యలను వానికి పట్టు మెట్ల సంఖ్యనుబట్టి తరగతులుగా విభజించినారు. గణనక్లిష్టత అను శాస్త్రమునకు ఆ పేరు అందులోనుండియే వచ్చినది. గౌస్ అడుగని ప్రశ్న ఇప్పుడు శాస్త్రమైనది. 1971లో స్టీఫెన్ కుక్, 1972లో రిచర్డ్ కార్ప్ చేసిన పరిశోధనలవలన మరొక విషయము తెలియవచ్చినది. తర్కము, ప్రయాణమార్గములు, పనుల కేటాయింపు మున్నగు భిన్నరంగములలోని కఠినసమస్యలు అనేకములు లోలోపల ఒక్కటే. వానిలో ఏ ఒక్కదానికి దగ్గరి దారి దొరకినను అన్నిటికిని దొరకును. అట్టి దారి ఉన్నదో లేదో నేటికిని తేలలేదు.

కూలీ, ట్యూకీల వ్యాసము వెలువడిన తరువాత పాత కథలు ఒక్కొక్కటిగా బయటపడినవి. స్క్రిప్స్ సముద్రశాస్త్రసంస్థకు చెందిన రడ్నిక్, తాను డేనియల్సన్, లాంచోస్‌ల వ్యాసమునుండి ఇట్టి పద్ధతినే గ్రహించి వాడుచున్నానని 1966లో తెలిపినాడు. గౌస్ రచనలోని సంగతిని 1977లో గోల్డ్‌స్టైన్ తన గణితచరిత్రలో ప్రస్తావించగా, 1984లో హైడ్‌మన్, జాన్సన్, బర్రస్ దానిని విపులముగా నిరూపించినారు. నూటయరువది సంవత్సరముల కాలములో ఒకే ఉపాయము ఖగోళములో, ఎక్స్-కిరణశాస్త్రములో, సముద్రశాస్త్రములో వాడుకకు వచ్చియు, ఎక్కడిదక్కడనే ఉండిపోయినది. ఒకరి లెక్కయు మరియొకరి లెక్కయు ఒక్కటేయని తెలిసినవారు లేకపోవుట ఒక కారణము. మెట్లు ఎన్నియో ఎంచి చూపు వాడుక లేకపోవుట రెండవది. వేలకొలది మెట్లను నడువగల యంత్రము లేకపోవుట మూడవది. మూడు లోపములును ఒక్కమారు తీరిన యేడు 1965.

ఆ తరువాత వ్యాప్తికి ఆలస్యము లేకపోయినది. 1966లో రిచర్డ్ ఎర్న్‌స్ట్, వెస్టన్ ఆండర్సన్‌లు అణుకేంద్రకముల అయస్కాంతస్పందనను తరంగములుగా విడదీసి పదార్థనిర్మాణమును తెలిసికొను పద్ధతిని ప్రకటించినారు. ఎర్న్‌స్ట్‌నకు 1991లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. ఆసుపత్రిలో శరీరపు లోభాగములను చిత్రించు ఎం.ఆర్.ఐ. యంత్రము తన కొలతలను చిత్రముగా మార్చునది ఈ పరివర్తనతోనే. మన చేతిలోని ఫోను, అంకెల రూపములో సాగు క్రొత్త రేడియో ప్రసారము వందలకొలది సన్నని తరంగములపై మాటను పంచి పంపి, అవతలి ఒడ్డున ఈ విధానముతోనే తిరిగి కూర్చుచున్నవి. ఆకాశవాణియు ఇట్టి ప్రసారములను చేపట్టినది. ఒకనాడు శ్రోత వ్రేళ్లు మీట త్రిప్పి చేసిన పనిని లోపలి లెక్కయే చేయుచున్నది.

ఇంతకన్న దగ్గరి దారి కలదా? ఇదియే చివరిదని సాధారణరూపమున ఎవరును ఇంతవరకు నిరూపింపలేదు. ఏ దేశములోనో, ఏ శాస్త్రములోనో, ఒకరి పుస్తకములో అది ఇప్పటికే వ్రాసియున్నను ఆశ్చర్యపడనక్కరలేదు. గౌస్ వ్రాతకు పట్టిన గతి దానికి పట్టకుండ చూచుట విద్యాలయములకు, పత్రికలకు, మావంటి ప్రసారకులకును తగిన పని.