గట్లు కట్టినవాళ్లు, బళ్లు కట్టుకున్నవాళ్లు

కెనడా తూర్పు తీరాన, నోవా స్కోషియాలో గ్రాన్ ప్రే అని ఒక ఊరుంది. ఊరి ముందు విశాలమైన పొలాలు, పొలాల చివర మట్టిగట్టు, గట్టుకు అవతల సముద్రం. అక్కడి ఫండీ అఖాతంలో పోటు కొన్నిచోట్ల 16 మీటర్ల దాకా లేస్తుంది. ప్రపంచంలోని అతి ఎత్తైన పోట్లలో ఇదొకటి. ఆ గట్టే లేకపోతే ఊరి పొలాలన్నీ పెద్ద పోటుకు మునిగిపోతాయి. 1680ల్లో అక్కడికి చేరిన ఫ్రెంచి రైతు కుటుంబాలు ఉప్పునీటి కింద నుంచి తీసుకున్న నేల అది. 2012లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. అకాడియన్లని పేరు పడిన ఆ రైతుల చరిత్ర చదవాలంటే రాజుల ఒప్పందాల కన్నా ముందు ఈ గట్టును చూడాలి.

పచ్చికను వేళ్లతో సహా పెళ్లలుగా కోసి, పేర్చి గట్టు పోసేవారు. వాగు వచ్చేచోట గట్టు అడుగున చెక్క తూము పెట్టి, అందులో ఒక రెక్కను వేలాడదీసేవారు. ఆటు వేళ లోపలి వాననీరు రెక్కను తోసుకుని సముద్రంలోకి పోతుంది. పోటు వేళ సముద్రమే వచ్చి ఆ రెక్కను మూసేస్తుంది. రాత్రీ పగలూ ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. రెండు మూడేళ్ల వానలకు ఉప్పు కడుక్కుపోయి నేల గోధుమ పంటకు వచ్చేది. ఈ తూమును వాళ్లు అబ్వాతో అంటారు. ఇది ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. ఒకచోట గట్టు తెగితే అందరి పొలమూ పోతుంది కాబట్టి, ఊరంతా దిగి పోయాల్సిందే, ఊరంతా కాచుకోవాల్సిందే. అక్కడి ఆదివాసులైన మిక్మాక్ ప్రజలతో కూడా వాళ్లకు చాలావరకు సఖ్యతే ఉండేది. బీళ్లలో గట్లు పోసుకున్నారే గాని, మిక్మాక్‌ల అడవుల జోలికి పెద్దగా పోలేదు.

1713లో యూట్రెక్ట్ ఒప్పందంతో ఫ్రాన్స్ ఈ ప్రాంతాన్ని బ్రిటన్‌కు వదిలేసింది. బ్రిటిష్ రాజుకు విధేయత ప్రకటించమన్నారు. ఫ్రెంచివాళ్ల మీదా మిక్మాక్‌ల మీదా మమ్మల్ని ఆయుధం పట్టమనకపోతే సరే అన్నారు రైతులు. నలభై ఏళ్లు ఆ మెలికతోనే గడిచింది. 1755 జులై 28న లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ లారెన్స్ అధ్యక్షతన హాలిఫాక్స్‌లో కూర్చున్న మండలి అందరినీ వెళ్లగొట్టాలని తీర్మానించింది. సెప్టెంబరు 5 మధ్యాహ్నం 3 గంటలకు గ్రాన్ ప్రే చర్చికి మగవాళ్లంతా రావాలని దండోరా. 418 మంది వచ్చారు. తలుపులు మూశాక కర్నల్ జాన్ విన్‌స్లో ఉత్తర్వు చదివించాడు: భూములు, ఇళ్లు, పశువులు రాజుకు జప్తు, మనుషులు ఓడలెక్కాలి. ఇళ్లు కాల్చేశారు. 1763 దాకా సాగిన ఈ తరిమివేతలో 10,000 మందికి పైగా చెల్లాచెదురయ్యారు. మళ్లీ ఒక్కచోట కూడకుండా ఉండేందుకని వాళ్లను కావాలనే వేర్వేరు ఇంగ్లీషు వలసలకు పంచారు. వర్జీనియా తీసుకోనంటే, అక్కడికి పంపినవాళ్లను ఇంగ్లండుకు తోలారు.

ఈ కథకూ మన కోస్తాకూ ఒక సంబంధం ఉంది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి సేనను ఓడించారు. సరిగ్గా ఆ నెలలోనే, అకాడియన్లను తీసుకెళ్తున్న డ్యూక్ విలియం అనే ఓడ అట్లాంటిక్‌లో మునిగి 360 మందికి పైగా చనిపోయారు. రెండూ ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ మధ్య సాగిన ఒకే యుద్ధంలోవి. 1763 పారిస్ ఒప్పందం యానాన్ని ఫ్రెంచివాళ్లకు తిరిగి ఇప్పించింది, కెనడా మీద వాళ్ల హక్కును తుడిచేసింది.

ఇంతకన్నా నన్ను కలచివేసే సంగతి మరొకటి. 1759 నవంబరు తుఫానుకు గట్లు తెగిపోయాయి. ఖాళీ చేయించిన భూముల్లోకి న్యూ ఇంగ్లండు నుంచి వచ్చిన కొత్త రైతులకు వాటిని మళ్లీ కట్టడం చేతకాలేదు. అప్పుడు ఖైదులో ఉంచిన అకాడియన్లనే తెచ్చి ఆ పని చేయించారు. తాతలు పోసిన గట్టును, తమది కాకుండా పోయిన పొలం కోసం, వాళ్లే మరమ్మతు చేశారు.

1764 నుంచి చిన్న చిన్న గుంపులుగా తిరిగి రావడానికి అనుమతి దొరికింది గాని, పాత భూములు ఇవ్వలేదు. ఎవరూ కోరుకోని రాతితీరాల్లో చేపలవేటతో బతికారు. వందేళ్ల పాటు వాళ్ల పిల్లలకు చదువంటే పాదిరి చెప్పిన నాలుగు ముక్కలే. ఆ స్థితి మారింది పొరుగు రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్‌లోని మెమ్రమ్‌కుక్ లోయలో. క్యూబెక్ నుంచి వచ్చిన ఫాదర్ కమీ లెఫెవ్ర్ 1864లో అక్కడ సెయింట్ జోసెఫ్ కళాశాల తెరిచాడు. మొదట్లో చేరిన పిల్లల్లో పాస్కల్ పొయిరియే ఒకడు. 1885లో కెనడా సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి అకాడియన్ అతనే. 1881లో అకాడియన్ల తొలి మహాసభ కూడా ఆ కళాశాల ఆవరణలోనే జరిగింది. ఆగస్టు 15ను తమ జాతీయ దినంగా అక్కడే ఎంచుకున్నారు.

మధ్యలో నెత్తుటి మరక ఒకటి ఉంది. 1871లో న్యూ బ్రన్స్‌విక్ శాసనసభ చేసిన బడి చట్టం పన్ను వేసింది, మతబోధను బడి నుంచి తీసేసింది. కేథలిక్కులైన అకాడియన్లు పన్ను కట్టబోమన్నారు. గొడవ పైకి మతానిదే అయినా, బడి ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు ప్రశ్నని నేననుకుంటాను. 1875 జనవరిలో కారాకెట్ ఊళ్లో ఒక ఇంటి అటక మీద దాక్కున్న నిరసనకారులను పట్టుకోబోయినప్పుడు కాల్పులు జరిగాయి. లూయీ మయూ అనే 19 ఏళ్ల యువకుడు, జాన్ గిఫర్డ్ అనే అధికారి చనిపోయారు. ఆ ఏడే ప్రభుత్వం దిగివచ్చి, బడి గంటల తర్వాత మతం చెప్పుకోవడానికి ఒప్పుకుంది.

బడి చేతిలో లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని లూసియానా చూపిస్తుంది. 1785లో ఫ్రాన్స్ నుంచి ఏడు ఓడల్లో 1,600 మంది దాకా అకాడియన్లు అక్కడికి చేరారు. అంతకు ముందు చేరినవాళ్లతో కలిసి కేజన్లని పేరు పడ్డారు. 1921 రాజ్యాంగం బళ్లలో ఇంగ్లీషే ఉండాలంది. బడిలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లలను శిక్షించారు. ఆ పిల్లలు పెద్దయ్యాక తమ బిడ్డలకు ఆ భాష నేర్పలేదు. 1968లో ప్రభుత్వమే ఫ్రెంచి కోసం ఒక సంస్థ పెట్టేసరికి ఒక తరం చేజారిపోయింది. ఓడలు చేయలేని పని అక్కడ నల్లబల్ల చేసింది.

న్యూ బ్రన్స్‌విక్‌లో అలా జరగలేదు. అకాడియన్ అయిన ప్రీమియర్ లూయీ రోబిషో హయాంలో 1963లో మాంక్టన్ విశ్వవిద్యాలయం, 1969లో అధికార భాషల చట్టం వచ్చాయి. నేటికీ అక్కడ పదిమందిలో ముగ్గురిది ఫ్రెంచి మాతృభాష.

గ్రాన్ ప్రే ఉన్న నోవా స్కోషియాలో మాత్రం పోరు కోర్టుదాకా పోయింది. 1982 రాజ్యాంగ హక్కుల పత్రం ఫ్రెంచి బడి హక్కు ఇచ్చినా, ప్రభుత్వం ఉన్నత పాఠశాలలు కట్టకుండా ఏళ్ల తరబడి సాగదీసింది. కాలం గడిచేకొద్దీ పిల్లలు ఇంగ్లీషులోకి జారిపోతున్నారని తల్లిదండ్రులు దావా వేశారు. న్యాయమూర్తి ఐదు ప్రాంతాల్లో బళ్లకు గడువులు పెట్టి, పని ఎంతవరకు వచ్చిందో తన ముందుకొచ్చి చెప్పాలన్నాడు. 2003 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా ఆ ఉత్తర్వును సమర్థించింది. మరుసటి నెలలో రాణి పేరిట 1755 నాటి అన్యాయాన్ని గుర్తిస్తూ ప్రకటన వెలువడింది. జులై 28 సంస్మరణ దినమైంది. ఆ ప్రకటన నష్టపరిహారం ఇవ్వలేదు, భూమి ఇవ్వలేదు. కోర్టు తీర్పు చెప్పిన ప్రాంతాల్లో ఆర్గైల్ ఒకటి. 1653లో మొదలైన పబ్నికో అక్కడిదే. వెళ్లగొట్టిన కుటుంబాలు తిరిగొచ్చి, ఇప్పటికీ అదే సీమలో ఉంటున్నాయి.