రన్నింగ్ మేట్ ఎంపిక

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థితో జతగా ఉపాధ్యక్ష పదవికి నిలబడే నాయకుణ్ణి రన్నింగ్ మేట్ అంటారు. ఇద్దరికీ కలిపి ఓటరు వేసేది ఒకే ఓటు.

ఎంపిక దాదాపు పూర్తిగా అభ్యర్థి ఇష్టమే. పార్టీ మహాసభ ఆమోదముద్ర వేస్తుంది. ప్రాంతం, వయసు, అనుభవం, అన్నీ లెక్కలోకి వస్తాయి. 1960లో మసాచుసెట్స్ వాడైన కెనడీ టెక్సస్ నేత లిండన్ జాన్సన్‌ను తీసుకున్నది ప్రధానంగా దక్షిణాది ఓట్ల కోసం. 2000లో జార్జ్ బుష్ రన్నింగ్ మేట్ డిక్ చెనీ తన ఓటును టెక్సస్ నుంచి వయోమింగ్‌కు మార్చుకోవడం ఇంకా సరదా కథ. రాష్ట్రాల తరఫున చివరి ఓటు వేసే ఎలక్టర్లు రెండు పదవులకూ తమ సొంత రాష్ట్రం వారికే ఓటేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. బుష్‌దీ టెక్ససే మరి.

2024 జులై 15న డొనాల్డ్ ట్రంప్ ఒహాయో సెనేటర్ జె.డి. వాన్స్‌ను రన్నింగ్ మేట్‌గా ప్రకటించగానే, తెలుగు మీడియా ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు, పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరుకు పరుగెత్తింది.

భారత్‌లో ఈ జోడీ పద్ధతి లేదు. ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు విడిగా ఎన్నుకుంటారు. 2017లో వెంకయ్యనాయుడు అలాగే గెలిచారు. 2025లో ప్రతిపక్ష అభ్యర్థి జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి 300 ఓట్లు తెచ్చుకుని సి.పి. రాధాకృష్ణన్ చేతిలో ఓడిపోయారు.