జీలుగు కల్లు, చిగురుపన్ను: మన్యపు పానీయ చరిత్రలో ఒక ఘట్టం

మన్యపు తిరుగుబాట్లపై వచ్చిన రచనల్లో అటవీ చట్టాలకూ వెట్టిచాకిరికీ దక్కిన చోటు కల్లుకు దక్కలేదు. తాగుడు చరిత్రకు తగిన వస్తువు కాదన్న పండిత సంకోచం ఇందుకు కారణం కావచ్చు. అయితే 1879 నాటి రంప తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో, ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కును కోల్పోవడం ముఖ్యమైనది.

జి.మాడుగుల, పాడేరు, చింతపల్లి కొండల్లో కల్లు అనగానే గుర్తుకు వచ్చేది జీలుగు చెట్టు. వృక్షశాస్త్రంలో దీని పేరు కారియోటా యురెన్స్. తాటిచెట్టు ఏటేటా గెలలు వేస్తూ తరాలపాటు నిలుస్తుంది. జీలుగు అలా కాదు. బాగా ఎదిగాకనే పూతకు వచ్చి, పైనుంచి కిందికి ఒక్కొక్క గెలే వేస్తూ, చివరి గెలతో ప్రాణం విడుస్తుంది. కనుక ఏ చెట్టు కల్లుకైనా గడువు ఉంటుంది. గెల కొనను రోజూ పలుచగా చెక్కి కుండ కడతారు. కణుపులు వదిలిన వెదురుబొంగే నిచ్చెన. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది; పొద్దెక్కే కొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. దానిని ఆనపబుర్రలో తెచ్చి, అడ్డాకు దొప్పల్లో పోసుకొని పదిమందీ కలిసి తాగుతారు. కొండరెడ్లను అధ్యయనం చేసిన హైమెండార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథంలో, కల్లు కాలంలో వారు కొన్ని రోజులు దాదాపుగా జీలుగు కల్లుతోనే గడుపుతారని నమోదు చేశాడు. కరువులో ఆ చెట్టు మొద్దులోని పిండే ఆహారం. అన్నానికీ పానీయానికీ మధ్య గీత ఇంత పలుచనైన సమాజంలో కల్లును కేవలం మత్తుపదార్థంగా లెక్కించడం పొరపాటు.

మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలు చేసినది ఆ పొరపాటే. కల్లు రాబడిని గుత్తకిచ్చి, ఇంటి వాడకానికి గీయడాన్ని నిషేధించారు. గుత్తదార్లు చిగురుపన్ను అడిగారు. రంప మన్సబుదారు దానికి తోడు, అందులో సగం మొదలు మూడింట రెండు వంతుల వరకు మొదలుపన్ను వేస్తానన్నాడు. చిగురు ఒకరి పాలు, మొదలు మరొకరి పాలు. చెట్టెక్కేవాడి పాలు ఏమిటన్నది ఎవరూ అడగలేదు. మేతపై పుల్లరి, మైదాన వర్తకుల సివిలు దావాలు అప్పటికే జనాన్ని నలిపివేశాయి కనుక, కల్లునే ఏకైక కారణంగా చూపడం సరికాదు. 1879 మార్చిలో రంపలో మొదలైన తిరుగుబాటు, ఏప్రిల్‌కు జి.మాడుగులకు పొరుగునున్న గొలుగొండ కొండలకూ, జులైకి భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. విచారణకు వచ్చిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ మన్సబుదారును తొలగించాలని సిఫారసు చేశాడు.

షెడ్యూల్డు ప్రాంతాలకు 1996లో వచ్చిన పెసా చట్టం, మత్తు పానీయాల అమ్మకాన్నీ వాడకాన్నీ నియంత్రించే అధికారం పంచాయతీకీ గ్రామసభకూ ఉండాలని నిర్దేశించింది. గుత్తదారు చేతిలోని నిర్ణయం, కనీసం కాగితం మీద, ఊరి చేతికి రావడానికి 117 ఏళ్లు పట్టింది.